ఫాదర్ గారూ, ఒక సందేహం: ఈ 40 రోజులూ మన ఒక్కరివేనా?

పాస్కా (ఈస్టర్) పండుగకి ముందు వచ్చే 40 రోజుల తపస్సుకాలం దగ్గర పడిందంటే ఈ శీర్షికకి ఉత్తరాలు పెరుగుతాయి. ఎక్కువ భాగం ‘ఇది తినొచ్చా, అది మానాలా’ అనేవే. వాటికీ జవాబు చెప్తాను. కానీ ఈసారి నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినవి వేరే ఉన్నాయి. ఒకే ఇంట్లో, ఒకే విచారణలో (ఒక గుడి పరిధిలోని సంఘంలో) ఒకరి తపస్సు ఇంకొకరికి భారంగానో అండగానో మారిన ఉత్తరాలవి. ముందు అవే తీసుకుంటున్నాను.

మా అత్తగారికి 68 ఏళ్లు. షుగర్ ఉంది, రోజూ రెండుసార్లు ఇన్సులిన్ తీసుకుంటారు. అయినా తపస్సుకాలంలో ప్రతి శుక్రవారం సాయంత్రం దాకా ఏమీ ముట్టరు. పోయిన సంవత్సరం సిలువమార్గం (యేసు సిలువ ప్రయాణాన్ని తలుచుకుంటూ చేసే ప్రార్థన) మధ్యలో కళ్లు తిరిగి పడిపోయారు. తినమంటే నాకు భక్తి లేదంటారు. ఏం చెయ్యమంటారు? – ఒక కోడలు

అమ్మా, ముందు చట్టం చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో శ్రీసభ (కాథలిక్ సంఘం) చట్టం మీ అత్తగారి కంటే చాలా మెత్తగా ఉంది. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు ఏడాది మొత్తంలో రెండే: తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). అది కూడా 18 ఏళ్లు నిండినవారికి, 59 నిండేదాకా. ఉపవాసం అంటే రోజంతా పస్తుండమని కాదు, ఒక పూట కడుపునిండా తిని మిగతా రెండు పూటలు కొద్దిగా తీసుకోవచ్చు. మాంసం మానడం వేరే నియమం, అది 14 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి మొదలవుతుంది, శుక్రవారాలకు వర్తిస్తుంది. ఏది మానాలి, దాని బదులు ఏం చెయ్యొచ్చు అన్నది ఆయా దేశాల పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య నిర్ణయించవచ్చు. మీ అత్తగారి వయసు 59 దాటింది. పైగా ఆరోగ్యం దెబ్బతినే చోట ఉపవాస నియమం ఎవరినీ కట్టిపడెయ్యదు. కాబట్టి ఆవిడ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఏ పాపమూ అంటదు.

ఇన్సులిన్ తీసుకుని తినకపోతే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. అది ప్రాణం మీదికి తెచ్చే విషయం. పోనీ ఉపవాసం కోసమని ఇన్సులిన్ మానెయ్యడమూ అంతే ప్రమాదం. పోయిన సంవత్సరం ఆవిడ పడిపోయిన సంగతి డాక్టరుకి చెప్పారో లేదో, చెప్పకపోతే ఈ వారమే చెప్పండి.

ఇదంతా మీరు ఆవిడకి చెప్పే ఉంటారు, ఆవిడ వినలేదు. ఎందుకో నాకు తెలుసనిపిస్తోంది. యాభై ఏళ్లుగా విచారణలో అందరితో కలిసి చేసిన పని ఇప్పుడు ‘మీకు అక్కర్లేదు’ అంటే ఆవిడకి ‘మీరు అక్కర్లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. అందుకే ‘తినండి’ అనే మాటతో మొదలుపెట్టకండి. మీ విచారణ గురువుగారిని (ఫాదర్‌ని) ఒకసారి ఇంటికి పిలవండి, మీరు కాకుండా ఆయన చెప్పనివ్వండి, ఆవిడకి ఆయనే ఒక పని అప్పగించనివ్వండి. ఈ ఏడాది జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చి, ఈ 40 రోజులూ వీళ్ల కోసం రోజూ జపమాల చెప్పండి అని అడగమనండి. డాక్టరు చెప్పిన టైముకి డాక్టరు చెప్పినంత తినడం, అదీ తనకిష్టం లేకపోయినా దేవుని కోసం తినడం, ఆవిడ స్వభావానికి పస్తు కంటే కష్టమైన తపస్సు. నేను ఊరికే ఓదార్పుకి అనడం లేదు. సొంత ఇష్టాన్ని వదులుకోవడమే కదా తపస్సు.

మా ఆయన ప్రతి ఏడూ విభూది బుధవారం నాడు మందు మానేస్తారు. 40 రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. పాస్కా పండుగ రోజు సాయంత్రానికి మళ్లీ మొదలు. పదకొండేళ్లుగా ఇదే. పిల్లలకి పండుగ వస్తోందంటే భయం. ఆ ఉపవాసానికి విలువేమైనా ఉందా? – పేరు రాయలేదు

పండుగంటే భయపడే పిల్లలు. మీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను తల్లీ.

విలువ ఉంది. కపటం అని మాత్రం అనకండి, ఆయనతో అసలే అనకండి. ఏడాదికి 40 రోజులు ఆయన ఒక యుద్ధం చేస్తున్నారు, గెలుస్తున్నారు కూడా. అయితే ఒక తేదీ దాకానే గెలవాలని ముందే రాసిపెట్టుకున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. తపస్సుకాలం తర్వాత సెలవులు మొదలవవు. పాస్కాకాలం అని 50 రోజులుంటాయి, పెంతెకోస్తు పండుగ దాకా. ఆ 40 రోజులూ ఈ 50 రోజుల కోసమే. ఈ సంగతి మనం విచారణల్లో సరిగ్గా చెప్పడం లేదు, ఆ తప్పులో నా వాటా కూడా ఉంది. సిలువమార్గానికి 14 స్థలాలూ మోకాళ్ల మీద తిరిగే మనం పండుగ మర్నాడు గుడి తలుపు వైపు చూడం.

చెయ్యదగిన పని ఒకటి చెప్తాను. పండుగ దాకా ఆగకండి. నాలుగో వారంలో, ఆయన మనసు తేలిగ్గా ఉన్న ఒక రోజు, పిల్లల భయం గురించి ఉన్నదున్నట్టు చెప్పండి, తిట్టకుండా. పండుగ తర్వాత మొదటి వారం ఆయన పక్కన ఎవరుంటారో అప్పుడే అనుకోండి. మందు మానేసినవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందాలున్నాయి, ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటివి, 1935 నుంచీ పనిచేస్తున్నాయి, డబ్బు తీసుకోరు. వచ్చే ఏడాది కోసం ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, కొందరికి ప్రాణాపాయం కూడా. మొక్కుకున్నాం కదా అని డాక్టరుని అడగకుండా ఆపకూడదు. ఇక ఆయన తాగి మిమ్మల్నో పిల్లల్నో కొడుతుంటే అది వేరే సంగతి, దాన్ని సిలువ అనుకుని మొయ్యమని నేను చెప్పను. పిల్లల్ని తీసుకుని క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి, తర్వాత మిగతా మాటలు.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి 14 ఏళ్లయింది. ప్రతి తపస్సుకాలంలో అనుకుంటాను, వరుస దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తాను. ఫాదర్ గారికి నా గొంతు తెలుసు. రేపు ఆయన మొహం ఎలా చూడాలి? – 41 ఏళ్ల పాఠకుడు

వరుస దాకా వెళ్లారు కదా. పద్నాలుగేళ్లు దూరంగా ఉన్న మనిషి అలా వెళ్లడు. మీరు సగం దారిలో ఉన్నారు.

మీ భయానికి సూటిగా జవాబిస్తాను. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఏ కారణం చేతా, ఎవరికీ, మాటతో గానీ సైగతో గానీ చెప్పకూడదు. ప్రాణం పోతుందన్నా సరే. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ వెలికి గురవుతాడు. విన్న సంగతిని మనసులో పెట్టుకుని మీ విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు కూడా. మీరు అడగని మాట ఒకటి నా వైపు నుంచి చెప్తాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరు వచ్చి మోకరిల్లితే లోపల కూర్చున్నవాడికి కలిగేది అసహ్యం కాదు. ఆ రోజు నా గురుత్వానికి అర్థం దొరికినట్టు ఉంటుంది. మర్నాడు ఆ మనిషిని గుడి ముందు చూస్తే గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు. పాపాలు చాలావరకు ఒకేలా ఉంటాయి, గుర్తు కూడా ఉండవు. ఆ ధైర్యమే గుర్తుంటుంది.

అయినా సిగ్గు సిగ్గే. అందుకే దారులున్నాయి. మీ విచారణ గురువు దగ్గరే చెయ్యాలని నియమం లేదు, పాపసంకీర్తనం వినే అధికారం ఉన్న ఏ గురువు దగ్గరైనా చెయ్యొచ్చు. తెర చాటున చెయ్యడం మీ హక్కు, పాపసంకీర్తన స్థానంలో జాలీ ఉండాలని చట్టమే చెప్తోంది. తపస్సుకాలంలో చాలా విచారణల్లో అందరూ కలిసి ప్రార్థించి, ఆ తర్వాత ఒక్కొక్కరూ వెళ్లి పాపసంకీర్తనం చేసే కార్యక్రమం పెడతారు. దానికి చుట్టుపక్కల విచారణల నుంచి గురువులు వస్తారు. మిమ్మల్ని ఎన్నడూ చూడని ఫాదర్ ఒకరు ఉంటారు, ఆయన వరుసలో నిలబడండి. ఆ సాయంత్రం నాకు ఇంకో కారణం వల్ల కూడా ఇష్టం: మీ ముందు గాయకబృందం పెద్ద నిలబడి ఉంటాడు, వెనక సత్యోపదేశం చెప్పే టీచరు ఉంటుంది, విచారణ మొత్తం పాపులమని ఒప్పుకుంటూ వరుసలో ఉంటుంది. మీరొక్కరే కాదని కళ్లారా చూస్తారు.

లోపలికి వెళ్లాక ఒక్క మాట చాలు: ‘ఫాదర్, 14 ఏళ్లయింది, ఎలా చెయ్యాలో మర్చిపోయాను, సాయం చెయ్యండి.’ మిగతాది ఆయన అడుగుతారు. చావైన పాపాలు (దేవునితో బంధాన్ని తెంచే ఘోరమైనవి) గుర్తున్నంతవరకు దాచకుండా, ఏది ఎన్నిసార్లో తెలిసినంత చెప్పండి. కథలక్కర్లేదు. మీతో పాటు పాపంలో ఉన్న వేరేవాళ్ల పేర్లు అసలే అక్కర్లేదు. నిజంగా మర్చిపోయినవి కూడా క్షమాపణలో కలిసిపోతాయి, తర్వాత గుర్తొస్తే వచ్చేసారి చెప్తే సరిపోతుంది. మనస్తాప జపం (పశ్చాత్తాపం చెప్పుకునే ప్రార్థన) నోటికి రాకపోతే సొంత మాటల్లో చెప్పండి. ప్రాయశ్చిత్తం ఇస్తారు, చెయ్యండి. చావైన పాపాలను కనీసం ఏడాదికోసారి చెప్పుకోవాలనీ, ఏడాదికోసారైనా, ముఖ్యంగా పాస్కాకాలంలో, దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) తీసుకోవాలనీ శ్రీసభ అడుగుతుంది. మీరు ఎన్ని ఏళ్లు తప్పారో లెక్కపెట్టకండి. ఈ పాస్కాకి వచ్చెయ్యండి.

ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కోమని, మనుషులకి కనబడకుండా చెయ్యమని మత్తయి సువార్త 6వ అధ్యాయం చెప్తుంది. విభూది బుధవారం అదే సువార్త చదివి అదే రోజు నుదుట విభూది పెడతారు. ఇది విరుద్ధం కాదా? – కాలేజీ విద్యార్థిని

మంచి ప్రశ్న. ఆ రోజే ఆ పఠనం పెట్టింది కూడా మీరు ఇలా అడగాలనే. విభూది మీరు ఉపవాసం ఉన్నారని చాటే గుర్తు కాదు. మట్టి నుంచి వచ్చి మట్టిలో కలిసిపోయేవాళ్లం, మారుమనస్సు కావలసినవాళ్లం అని ఒప్పుకునే గుర్తు. పూర్వం ఘోర పాపాలు చేసి బహిరంగ ప్రాయశ్చిత్తంలో ఉన్నవాళ్లకే బూడిద పడేది. తర్వాత తర్వాత, 11వ శతాబ్దం చివరికల్లా, గురువులూ విశ్వాసులూ తేడా లేకుండా అందరూ తల వంచడం మొదలైంది. ఈ మార్పు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. తప్పు చేసినవాళ్లు వేరుగా నిలబడి ఉంటే చూస్తూ కూర్చోకుండా, మిగతావాళ్లు వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. అదే రోజు మొదటి పఠనం యోవేలు గ్రంథంలోది, వృద్ధులనీ పిల్లల్నీ చివరికి పాలుతాగే బిడ్డల్నీ పోగుచెయ్యమంటుంది. బూడిద కూడా పోయిన ఏడాది మ్రానికొమ్మల ఆదివారం మనమంతా పట్టుకుని ‘హోసన్నా’ పాడిన కొమ్మలదే.

కాలేజీకి వెళ్లేముందు తుడుచుకుంటే పాపమా అంటే, కాదు. ఉంచుకోవడం గొప్పా కాదు. ఉంచుకుంటే నలుగురూ అడుగుతారనే ఆశతో ఉంచుకుంటున్నానా, తుడిస్తే సిగ్గుతో తుడుస్తున్నానా అన్నది మీకే తెలుస్తుంది.

మా ఆయన ఈ పాస్కా జాగరణలో (పండుగ ముందు రాత్రి పూజలో) జ్ఞానస్నానం తీసుకోబోతున్నారు. మూడు ఆదివారాలు అందరి ముందూ నిలబెట్టి ప్రార్థిస్తారట. ఆయనకి మొహమాటం, పరీక్షలా ఉందంటున్నారు. తప్పించవచ్చా? – ఒక పాఠకురాలు

తప్పించమని అడక్కండి, దయచేసి. అది మీ ఆయనకి పరీక్ష కాదు. తపస్సుకాలం పుట్టడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఆయనలాంటివాళ్లే. తొలి శతాబ్దాల్లో పాస్కా రాత్రి జ్ఞానస్నానం తీసుకోబోయేవాళ్లు ఉపవాసంతో సిద్ధమవుతుంటే మిగతా సంఘం కూడా వాళ్లతో కలిసి ఉపవాసం ఉండేది. ఆ తర్వాత శతాబ్దాల్లో జ్ఞానస్నానం ఎక్కువగా పసిపిల్లలకే జరుగుతూ వచ్చి ఈ సంగతి మరుగునపడింది, మిగిలింది ప్రాయశ్చిత్తం ఒక్కటే. రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ పీఠాధిపతుల సమావేశం) 1963లో దివ్యార్చన (శ్రీసభ ఆరాధన) గురించిన పత్రంలో మళ్లీ గుర్తుచేసింది: ఈ కాలానికి రెండు ముఖాలు, ఒకటి జ్ఞానస్నానం, రెండోది ప్రాయశ్చిత్తం. ఆ ప్రాయశ్చిత్తం కూడా ఒక్కొక్కరి మనసులో జరిగేది మాత్రమే కాదు, బయటికి కనిపించేదిగా, సంఘమంతటిదిగా ఉండాలని అదే పత్రం చెప్పింది.

మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో యోహాను సువార్త నుంచి మూడు కథలు చదువుతారు. నీళ్లకోసం బావి దగ్గరికొచ్చిన సమరియ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, సమాధి నుంచి లేచిన లాజరు. నీళ్లు, వెలుగు, జీవం. మీ ఆయన పాస్కా రాత్రి అందుకోబోయేది అదే. ఆయన తల వంచుకుని నిలబడినప్పుడు ఆయన కోసం ప్రార్థించేవాళ్లలో పసితనంలోనే జ్ఞానస్నానం అయిపోయి దాని అర్థం ఎన్నడూ ఆలోచించనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి ఆయన అవసరం. ఈ మాట ఆయనతో చెప్పండి, జ్ఞానతండ్రిగా ఉండబోయే అతన్ని పక్కనే నిలబడమనండి, మొహమాటం కొంత తగ్గుతుంది.

మా విచారణలో గాయకబృందం రెండుగా చీలి ఏడాదైంది. సిలువమార్గంలో కూడా గుడికి చెరో పక్క నిలబడతారు. నేను ఒక వర్గంలో ఉన్నాను. తప్పు వాళ్లదే. ఏం చెయ్యను? – గాయకుడు

తప్పు వాళ్లదే అయి ఉండొచ్చు. మీ ఉత్తరం ఎంత వివరంగా ఉందంటే నేను నమ్మడానికి సిద్ధమే. కానీ విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయం చదువుతారు. ఉపవాసాలుంటూనే కొట్లాడుకుంటున్నారు, ఇదా నాకు కావలసిన ఉపవాసం అని దేవుడు అడుగుతాడు. ఆ పఠనానికి పాట పాడేది మీరే కదా.

పెద్ద రాజీ సమావేశం పెట్టకండి, అక్కడ పాత లెక్కలన్నీ పైకొస్తాయి. అవతలి వర్గంలో మీకు ఒకప్పుడు బాగా దగ్గరైన ఒక్క మనిషిని ఎంచుకుని ఇంటికి వెళ్లండి. ‘ఎవరిది తప్పో మాట్లాడ్డానికి రాలేదు, పవిత్ర గురువారం పాదాలు కడిగే పూజలో మనం కలిసి పాడాలని ఉంది’ అనండి. కాదంటే తిరిగొచ్చెయ్యండి, తర్వాతి వారం మళ్లీ వెళ్లండి.

మిగిలిన చిన్న సందేహాలు

బుధవారం నుంచి పండుగ ముందురోజు దాకా లెక్కపెడితే 46 వస్తున్నాయని ముగ్గురు రాశారు. ఆదివారాలు ఆరు తీసెయ్యండి, 40. ఆదివారం ప్రభువు పునరుత్థాన దినం, ఉపవాస దినం కాదు. దివ్యార్చన లెక్కలో ఈ కాలం పవిత్ర గురువారం సాయంత్రపు పూజకి ముందు ముగుస్తుంది. అయితే ఒక చెడ్డ అలవాటు మానుకున్నవాళ్లు ఆదివారం దానికి సెలవివ్వకండి.

తపస్సుకాలంలో పెళ్లి చెయ్యకూడదా? నిషేధం లేదు. ఆడంబరం తగ్గించి ఈ కాలానికి తగినట్టు చేసుకోవాలి. పవిత్ర శుక్రవారం, పవిత్ర శనివారం మాత్రం అసలు జరపకూడదు.

గుడి గుమ్మం దగ్గర పవిత్ర జలం తీసేసి ఇసుక పోశారని ఒకరు బాధపడ్డారు. బాధ న్యాయమే. అలా చెయ్యొద్దని రోములోని దివ్యార్చన కార్యాలయం 2000లోనే చెప్పింది. ఆ నీళ్లు జ్ఞానస్నానానికి గుర్తు, తపస్సుకాలమంతా ఉండాలి, పాస్కాకి ముందు వచ్చే పవిత్ర దినాల్లో మాత్రమే ఖాళీ చేస్తారు. విచారణ గురువుగారితో ఒంటరిగా, నెమ్మదిగా చెప్పండి.

కాథలికులు కాని స్నేహితురాలు విభూది పెట్టించుకోవచ్చా, సిలువమార్గంలో నడవొచ్చా? రెండూ చెయ్యొచ్చు, విభూది జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు. దివ్యసత్ప్రసాదం మాత్రం వేరు, అది ఆ అమ్మాయికి ముందే ప్రేమగా చెప్పండి, వరుసలో నిలబడ్డాక కాదు. శుక్రవారం ఆమె వచ్చినప్పుడు పుస్తకం చేతికిచ్చి పక్కనే కూర్చోబెట్టుకోండి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకరిల్లాలో ఆమెకి తెలియదు కదా.